11 ఏళ్లు, 23 మజిల్ కార్లు: అద్దాల బీరువాలో ఏది నిలిచింది, ఏది చెడింది

గత నెలలో అద్దాల బీరువా తుడుస్తూ, కిట్ నుంచి నేను కట్టిన మొదటి ప్లాస్టిక్ మోడల్ కారుని బయటికి తీయబోయాను. 1970 షెవర్లే షెవెల్ ఎస్‌ఎస్ 454. ఎర్ర బాడీ, బానెట్ మీద రెండు నల్ల పట్టీలు. కారు పైకి రాలేదు. నాలుగు టైర్లూ కింద ఉన్న ప్లాస్టిక్ పీఠానికి అతుక్కుపోయాయి. మెల్లగా కదిపి ఊడదీస్తే పీఠం మీద నాలుగు గుంటలు, వాటిలో టైరు మీది గాడుల అచ్చులు కూడా దిగి ఉన్నాయి. నేను అక్కడ జిగురు చుక్క కూడా పెట్టలేదు. టైరు మెత్తగా ఉండాలని వినైల్‌లో ప్లాస్టిసైజర్ కలుపుతారు. అది ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటికి వచ్చి, తగిలిన పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది.

ఆ రోజు మిగతా పని పక్కన పెట్టి 23 కార్లనీ టేబుల్ మీద వరసగా పెట్టి, లైటు కింద ఒక్కొక్కటీ చూశాను. అప్పుడే పూర్తి చేసిన మోడల్ ఫోటోలో ఎవరిదైనా బాగానే ఉంటుంది. దాని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. 5 ఏళ్ల తర్వాత, 10 ఏళ్ల తర్వాత అదే కారు ఎలా ఉందో చెప్పేవాళ్లు తక్కువ. నేను చెప్పాలనుకున్నది అదే.

నేను ఉండేది అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో. 1948లో మొదలై, ప్లాస్టిక్ కార్ల కిట్లకి పేరుపడ్డ ఏఎంటీ కంపెనీ ఈ ఊళ్లోనే ఉండేది. మొదట్లో వాళ్లు కార్ల డీలర్లు తమ కస్టమర్లకి ఇచ్చే చిన్న నమూనా కార్లు చేసేవాళ్లు. 1958లో ఒకే పెట్టెలోంచి మూడు రకాలుగా కట్టుకోగలిగే కిట్లు తెచ్చారు: షోరూమ్‌లో ఉన్నట్టు, సొంత సోకులతో, లేదా రేసు కారులా. మా ఇంటికి కాస్త దూరంలో వుడ్‌వర్డ్ అవెన్యూ ఉంది. 1960లలో కుర్రాళ్లు రాత్రిపూట సిగ్నల్ దగ్గర నుంచి సిగ్నల్ దాకా పందేలు వేసుకున్న రోడ్డు అది. ఇప్పుడు ఏటా ఆగస్టు మూడో శనివారం పాత కార్లన్నీ ఆ రోడ్డు మీదికి వస్తాయి. నేను మొదటి కిట్ కొన్నది ఆ ఊరేగింపు చూసి వచ్చిన మర్నాడే.

మజిల్ కారంటే ఏమిటో తెలియనివాళ్లకి రెండు మాటలు. మధ్యరకం సైజు కారులో పెద్ద కారు తాలూకు వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ పెట్టి, మామూలు కుర్రాడు కొనగలిగే ధరకి అమ్మడం. 1964 పాంటియాక్ జీటీఓతో ఇది ఊపందుకుంది. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు దాటిన ఇంజన్ పెట్టకూడదని పాంటియాక్ మాతృసంస్థ జనరల్ మోటార్స్‌లో నియమం ఉండేది. పాంటియాక్ వాళ్లు 389 ఇంజన్‌ని ఆప్షన్ ప్యాకేజీగా చూపించి ఆ నియమం దాటారు. ఇన్సూరెన్స్ ఖర్చులు, కాలుష్య చట్టాలు, ఆపైన 1973 చమురు సంక్షోభం కలిసి పదేళ్లు తిరక్కుండానే ఆ కాలాన్ని ముగించాయి.

కిట్లు ఎక్కువగా రెండు కొలతల్లో వస్తాయి, 1/25, 1/24, అంటే అసలు కారులో 25వ వంతు, 24వ వంతు. తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ పక్కపక్కన పెడితే కళ్లకి తెలిసిపోతుంది. 208 అంగుళాల పొడవున్న 1968 డాడ్జ్ చార్జర్ 1/25లో 211 మిల్లీమీటర్లు వస్తే, 1/24లో 220 దాకా వస్తుంది. ఒక అరలో ఒకే కొలత పెట్టుకోండి. నేను మొదట్లో పట్టించుకోలేదు, ఇప్పుడు నా బీరువాలో ఒక అర ఎప్పుడు చూసినా ఏదో తేడాగానే అనిపిస్తుంది.

ఇక బాడీ రంగు. నా అనుభవంలో సగం మార్కులు దీనికే. ఈ పని నాకు నేర్పింది పుస్తకాలు కాదు, మా నాన్న. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో 30 ఏళ్లకు పైగా పెయింటింగ్ షెడ్డు నడిపారు. అంబాసిడర్లకీ లారీ క్యాబిన్లకీ రంగు కొట్టిన చెయ్యి. 6 ఏళ్ల కిందట అమ్మతో కలిసి వేసవికి ఇక్కడికి వచ్చినప్పుడు నా చార్జర్‌ని చేతిలోకి తీసుకుని, కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టి చూశారు.

“మెరుపు బాగా వచ్చిందిగానీ కోటు బరువైపోయిందిరా. డోర్ గీత ఏదీ?”

నిజమే, తలుపు చుట్టూ ఉండాల్సిన గీత రంగులో పూడిపోయింది. నేను అప్పటికి 9 కార్లు కట్టాను, అన్నిటిలోనూ అదే తప్పు, నా కంటికి ఆనలేదు. లెక్క వేసి చూడండి. మోడల్ మీద రంగు పొర 0.1 మిల్లీమీటరు ఉంటే, అసలు కారు మీద అది రెండున్నర మిల్లీమీటర్ల మందం అవుతుంది. అంత రంగు ఏ కారు మీదా ఉండదు. “ముందు గీత లోతు చేసుకో, ఆ తర్వాతే ప్రైమర్. దట్టంగా రెండు కోట్లు కాదు, పల్చగా నాలుగు కొట్టు” అన్నారు. అప్పటి నుంచి ప్రతి కారుకీ తలుపులు, డిక్కీ గీతల్ని సన్నటి గీతపనిముట్టుతో మళ్లీ ఒకసారి గీస్తున్నాను. ఆ తర్వాత కట్టిన 14 కార్లని మొదటి 9 పక్కన పెడితే, రెండూ ఒక చేతి పని అని ఎవరూ అనుకోరు.

అచ్చు కలిసే చోట బాడీ మీద సన్నటి గట్టు ఉంటుంది. దాన్ని ఆకురాయితో, వాటర్ పేపర్‌తో తీసేయాలి. పల్లాలుంటే లప్పం పెట్టాలి. తర్వాత గిన్నెలు తోమే సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వాలి. రంగు వేశాక ఎన్నాళ్లు ఆగాలి అని అందరూ అడుగుతారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. రంగు వాసన వస్తున్నంత కాలం అది లోపల ఇంకా ఆరుతూనే ఉంది, ముట్టుకోవద్దు. ఎనామిల్ (నెమ్మదిగా ఆరే రకం రంగు) అయితే వారాలు పడుతుంది. నా బీరువాలో వేలిముద్ర పడిన కార్లు మూడున్నాయి, మూడూ తొందరపడి చేసినవే.

రంగు పైన మెరుపు కోసం వేసే పారదర్శకమైన క్లియర్ కోటు విషయంలో కాలం చెప్పిన తీర్పు స్పష్టం. తెల్లటి 1969 కమారో జడ్/28కి ఎనామిల్ క్లియర్ కొట్టాను. ఇప్పుడది పాత పుస్తకం కాగితం రంగులోకి తిరిగింది. ట్రాన్స్-యామ్ రేసుల్లో ఉన్న 305 క్యూబిక్ అంగుళాల హద్దులో ఇమిడేలా షెవర్లే 302 ఇంజన్ తయారు చేసి పెట్టిన కారు అది, నాకు చాలా ఇష్టం, అందుకే ఇంకా బాధ. ల్యాకర్ (త్వరగా ఆరే రకం) క్లియర్ వేసినవి మాత్రం 8 ఏళ్లయినా అలాగే ఉన్నాయి. నేను వాడుతున్నది టమియా కంపెనీ టీఎస్-13, దానికి పూర్తి మార్కులు. ఏ ల్యాకర్ క్లియర్ అయినా డెకాళ్ల (నీళ్లలో తడిపి అంటించే బొమ్మల) మీద ఒకేసారి తడిగా కొడితే అవి ముడుచుకుపోతాయి, మొదటి రెండు కోట్లు మంచులా చల్లాలి. తెల్ల కారైతే ఇప్పుడు క్లియరే వేయను, రంగునే పాలిష్ పట్టి వదిలేస్తాను.

ఇంజన్ గది దగ్గరికొస్తే, కొత్తవాళ్లు డబ్బు పోసేది ఇక్కడ. లోహంతో చేసిన విడిభాగాల సెట్లు నేనూ బోలెడు కొన్నాను. వాటిలో సగం అవసరం లేదు. స్పార్క్ ప్లగ్ వైర్లు ఒక్కటి వేస్తే చాలు, కారుకి ప్రాణం వస్తుంది. అసలు కారులో ప్లగ్ వైరు మందం 7 మిల్లీమీటర్లు, 25తో భాగిస్తే 0.28. కాబట్టి 0.3 మిల్లీమీటర్ల సన్నటి వైరు దొరికితే సరిపోతుంది. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతకి చేత్తో తిప్పే చిన్న డ్రిల్‌తో చిల్లులు పెట్టాలి. బిట్లు విరుగుతాయి, ఓ అరడజను దగ్గర పెట్టుకోండి.

నా షెవెల్‌లో ఈ వైర్లని ఇష్టం వచ్చినట్టు కలిపాను. ఒక ఆగస్టులో వుడ్‌వర్డ్ మీద అదే కారున్న పెద్దాయన ఒకరు నా ఫోన్లో ఫోటో చూసి, తన కారు బానెట్ ఎత్తి, ఒక్కొక్క వైరూ వేలుతో తాకుతూ సిలిండర్లు మండే వరస చెప్పారు: 1-8-4-3-6-5-7-2. ఎల్‌ఎస్6 అనే ఇంజన్ అది, 454 క్యూబిక్ అంగుళాలు, కంపెనీ చెప్పిన లెక్కలో 450 హార్స్‌పవర్. క్రైస్లర్ వాళ్ల 426 హెమీ ఇంజన్‌కి కూడా ఇదే వరస, కానీ డిస్ట్రిబ్యూటర్ షెవర్లేలో వెనక, హెమీలో ముందు ఉంటుంది, తిరిగే దిక్కు కూడా ఎదురు. హెమీలో ప్లగ్గులు వాల్వ్ కవర్ల మధ్యలోంచి లోపలికి దిగుతాయి, అందుకే వైర్లు ఒక్కో పక్క నాలుగేసి కవర్‌లోకే వెళ్తాయి. హెమీ ఉన్న నా 1970 ప్లిమత్ ‘కూడా’ (బారకూడా) కారులో ఈ పని సరిగ్గా కుదిరింది. బానెట్ ఎత్తి చూపించడానికి నేను ముందు తీసేది ఆ కారునే. ఇంజన్ల రంగులు కూడా కంపెనీకో రకం: షెవర్లేది నారింజ, పాంటియాక్‌ది నీలం, హెమీది ఇంకో రకం నారింజ. కిట్ కాగితంలో రాసినదాన్నే నమ్మకుండా అసలు కారు ఫోటో ఒకటి చూసుకోండి. కారు అడుగు భాగం కూడా అంతే. అందరూ నల్లరంగు పూసేస్తారు. క్రైస్లర్ కార్ల అడుగున చాలావరకు ప్రైమర్, దాని మీద అంచుల్లోంచి ఎగిరిపడిన బాడీ రంగు తుంపర కనిపించేవి.

ఇంత కాలం తర్వాత నన్ను అన్నిటికంటే సంతోషపెట్టింది క్రోమ్ పట్టీల కోసం వాడే సన్నటి అల్యూమినియం ఫాయిల్. కిటికీల చుట్టూ, చక్రాల పైనుండే వంపుల మీద దీన్ని అంటిస్తారు. 11 ఏళ్ల నాటిది ఇప్పటికీ నిన్న అంటించినట్టు మెరుస్తోంది. వెండి రంగు కుంచెతో పూసినవి మాత్రం బూడిద రంగుకి దిగాయి. ఫాయిల్‌ని పట్టీ కంటే కాస్త వెడల్పుగా వేసి, దూది పుల్లతో అదిమి, టూత్‌పిక్‌తో అంచుల్లోకి నొక్కి, కొత్త బ్లేడుతో కోయాలి. బ్లేడు అరిగితే ఫాయిల్ చిరుగుతుంది, కారుకి రెండు మూడు బ్లేడులు పోయినా పర్వాలేదు. సరిగ్గా అదమని చోట్లే అంచులు లేచాయి. బాడీ మీద ఉబ్బెత్తుగా అచ్చులోనే వచ్చే పేర్లకి ఇంకో పద్ధతి ఉంది. రంగు వేయకముందే అక్షరాల మీద ఫాయిల్ అంటించి, చుట్టూ కోసి, దాని మీదే రంగు కొట్టాలి. ఆరాక తిన్నర్ అద్దిన గుడ్డముక్కని గట్టి పుల్లకి చుట్టి అక్షరాల పైభాగం మాత్రం రుద్దితే రంగు పోయి లోపలి మెరుపు బయటపడుతుంది. మొదటిసారి “ఛార్జర్” అనే పేరు అలా తేలినప్పుడు మా అమ్మాయిని నిద్ర లేపి మరీ చూపించాను.

జిగుర్లలో సూపర్ గ్లూ నన్ను నిరాశపరిచింది. 4 ఏళ్లు తిరిగేసరికి పెళుసై పక్క అద్దాలు రాలిపోయాయి, పైగా దాని ఆవిరికి కిటికీలు పొగపట్టినట్టు తెల్లబడతాయి. ఇప్పుడు అద్దాలకి చిన్న రాగి తీగ ముక్క గుచ్చి అతికిస్తాను, ఒక్కటీ రాలలేదు. కిటికీలకి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు చాలు. మిగతా ప్లాస్టిక్ అతుకులకి టమియా ఎక్స్‌ట్రా థిన్, ఇన్నేళ్లలో ఒక అతుకు కూడా విడలేదు.

జాగ్రత్త విషయంలో ఒకటి గట్టిగా చెప్తాను. ఇక్కడి ఇళ్లల్లో బేస్‌మెంట్‌లోనే ఫర్నేసు, నీళ్ల హీటరు ఉంటాయి. గ్యాస్ మంట వెలిగే చోట స్ప్రే డబ్బా వాడొద్దు. నేను గరాజ్‌లో తలుపు తెరిచి, కార్బన్ ఫిల్టర్ల మాస్కు పెట్టుకుని కొడతాను. జులై ఉక్కలో గాలి తేమకి ల్యాకర్ పాలలా తెల్లబడుతుంది, ఆ రోజుల్లో ఆపేస్తాను. మిషిగన్ చలికాలంలో రంగు పని ఉండదు, ఇంజన్లు, సీట్లు, కార్పెట్లు, అంతే.

ఖర్చు చెప్పాలంటే కిట్ 30 డాలర్లకి అటూ ఇటూ. రంగులు, ఫాయిల్ కలిపితే ఒక్కో కారుకి దానంతే మళ్లీ. ఎయిర్‌బ్రష్ మొదటి రెండేళ్లు అక్కర్లేదు. టైం మాత్రం కారుకి 70 గంటల దాకా పడుతుంది, ఆరబెట్టే రోజులు కలపకుండా.

మూడేళ్ల కిందట మేనల్లుడికని ఒక జీటీఓ కిట్ విజయవాడ తీసుకెళ్లాను. స్ప్రే డబ్బాలు విమానంలో ఎక్కనివ్వరు కాబట్టి రంగు అక్కడే చూసుకున్నాం. ఆటోనగర్‌లో దొరికే డ్యూకో రంగు, తిన్నర్ ప్లాస్టిక్ మీద నేరుగా పడితే పైపొర బీటలు వారుతుంది, ఒక బానెట్ అలాగే పోయింది. ఈసారి నాన్న ముందు ప్రైమర్‌ని పొడిపొడిగా మూడుసార్లు చల్లి, రెండు రోజులు ఆగి, ఆపైన రంగు కొట్టారు. చక్కగా నిలిచింది. ఆ జీటీఓ ఇప్పుడు వాళ్ల హాల్లో టీవీ పక్కన ఉంది.

షెవెల్‌కి పాత టైర్లే ఉంచాను, పీఠం మార్చి, టైర్ల కింద ఫాయిల్ ముక్కలు వేశాను. మీ దగ్గర ఇంకా విప్పని కిట్లుంటే ఒకసారి పెట్టె తెరిచి చూడండి. టైర్లు కిటికీ ముక్కలకో, బాడీకో తగులుతూ ఉంటే తీసి వేరే జిప్ కవర్లో వేయండి. నా దగ్గరున్న ఐదు పెట్టెల్లో ఒకదాంట్లో ముందు అద్దం అప్పటికే కరిగిపోయి ఉంది.