ఆరేళ్లుగా ఎన్‌జీస్పైస్‌తో కుస్తీ పడుతున్నా, నా రివ్యూ ఇదీ

మాది అనంతపురం, సోలార్ చార్జర్ బోర్డులు చేసిస్తుంటా. ఎన్‌జీస్పైస్ అంటే బోర్డు చేయకముందే సర్క్యూట్ ఎట్లా నడుస్తాదో కంప్యూటర్‌లో లెక్కగట్టి చూపించే సిమ్యులేటర్, బోర్డులు గీసే కీక్యాడ్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వస్తుంది, పైసా ఖర్చు లేదు, నా 4 జీబీ ముసలి ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తాది. 1973లో బర్కిలీలో బయటికొచ్చిన స్పైస్ వంశమే ఇది, లోపల తిరిగేది మనం బీటెక్‌లో మార్కుల కోసం బట్టీ కొట్టిన న్యూటన్ రాఫ్సనే, అంటే ఒక గెస్‌తో మొదలుపెట్టి దాన్ని దిద్దుకుంటా జవాబు దగ్గరికి పోయే పద్ధతి.

పరీక్షలో ఆ మెథడ్ మూడు స్టెప్పుల్లో ఆన్సర్ ఇచ్చేస్తుంది గానీ కరెంటుని ఒకే వైపు పోనిచ్చే డయోడ్ దగ్గర అంత మర్యాదగా ఉండదబ్బా. మామూలు డయోడ్‌కి ఓ 60 మిల్లీవోల్టులు పెరిగితే కరెంటు పదింతలవుతుంది, ఖర్మకాలి గెస్ 2 వోల్టుల దగ్గర పడిందంటే లెక్కలో ఒకటి పక్కన 19 సున్నాల ఆంపియర్లు, అందుకే డయోడ్ లోపలి జంక్షన్ వోల్టేజీని ఒక్క దూకులో ఎగరనీకుండా ఎన్‌జీస్పైస్ పట్టి ఆపుతుంది. అప్పటికీ తేలకపోతే జంక్షన్ల పక్కన కరెంటుకి పక్కదారి లాంటి కండక్టెన్స్ పెట్టి మెల్లిగా తగ్గించుకుంటా పోతుంది, దాన్నే జీమిన్ స్టెప్పింగ్ అంటారు, అదీ కాకుంటే సప్లైని సున్నా నుంచి కొంచెం కొంచెం పెంచి చూస్తుంది. ఇదంతా మనం అడక్కుండానే, ఇక్కడ ఫుల్ మార్కులు.

ఇక నా నిర్వాకం. రెండేళ్ల కింద వోల్టేజీని తగ్గించే ఒక బక్ కన్వర్టర్‌కి "టైమ్‌స్టెప్ టూ స్మాల్" అని, అంటే లెక్కలో కాలపు అడుగు మరీ చిన్నదైపోయిందని ఒకటే మొరాయింపు, నేనేం చేసినా అంటే లెక్కలో ఎంత తేడాని ఓర్చుకోవాలో చెప్పే రెల్‌టాల్‌ని 0.001 నుంచి 0.01కి వదులు చేసి, లెక్కని కాలంతో ముందుకు నడిపే మెథడ్‌ని గేర్ అనేదానికి మార్చేసినా, వేవ్‌ఫామ్ అద్దం మాదిరి వచ్చింది, బోర్డు చేయించినా, రెండో రోజే స్విచ్‌గా పనిచేసే మాస్‌ఫెట్ టప్‌మంది. తప్పెవరిది అంటే నాదే, డయోడ్ మోడల్‌లో జంక్షన్ కెపాసిటెన్సే పెట్టలేదు, స్విచ్ ఆఫ్ అయినప్పుడు స్విచ్, డయోడ్ కలిసే నోడ్ ఎక్కడికి దూకాలో దానికి తెలీక టైమ్‌స్టెప్ కోసుకుంటా కోసుకుంటా చచ్చింది, అసలు బోర్డులో సరిగ్గా అక్కడే రింగింగ్, అంటే వోల్టేజీ ఊగులాట. గేర్ నిజమైన రింగింగ్‌ని కూడా కొంత అణిచేస్తుంది, అది మర్చిపోతే నా గతే. కెపాసిటెన్స్, వైరు ఇండక్టెన్స్ వేసి, ఆ ఊగులాటని అణిచే స్నబ్బర్ పెట్టినాక డిఫాల్ట్ సెట్టింగుల్లోనే గమ్మున నడిచింది.

కొత్తోళ్లకి రెండు మాటలు. 1ఎం అని రాస్తే మెగా కాదు, మిల్లీ, మెగాకి మెగ్ అనే రాయాలి, దీనికే నాకు ఒక ఆదివారం మొత్తం పోయింది. ఇంకోటి, డిఫాల్ట్ టెంపరేచర్ 27 డిగ్రీలు, మే నెలలో మన ఊళ్లో రేకుల షెడ్డు మీద డబ్బాలో 27 యాడుంటుంది స్వామీ, నేనైతే 70 పెట్టి చూస్తా.

స్పీడ్ మాత్రం ఓపిక పరీక్షే. ఇప్పుడు కూడా 100 కిలోహెర్ట్జ్ చార్జర్ ఒక సెకను నడవమని పెట్టి ఇది టైప్ చేస్తున్నా, అంటే లక్ష సైకిళ్లు, టవర్ క్లాక్ దాకా పోయి టీ తాగొచ్చినా సగం కూడా అయ్యుండదు.