నెల్లూరులో ఇంటికి వచ్చి చేసే ఉపశమన వైద్యసేవ: ఏడు వారాల అనుభవం

మా నాయనకు క్లోమంలో క్యాన్సర్ ఉందని తేలేనాటికే ఆపరేషన్‌కు వీలున్న దశ దాటిపోయింది. ఆస్పత్రి వద్దు, మూలపేట ఇంట్లోనే ఉంటానని ఆయన పట్టుబట్టడంతో, జబ్బు నయం కాకపోయినా నొప్పీ బాధా తగ్గించేందుకు ఇళ్లకు వచ్చి చూసే ఒక చిన్న ఉపశమన వైద్య బృందాన్ని పిలిపించుకున్నాము. వారానికి రెండుసార్లు నర్సమ్మ, పదిహేను రోజులకొకసారి డాక్టరు గారు వచ్చేవారు.

మొదటి రోజు డాక్టరు గారు రిపోర్టుల కట్ట పక్కన పెట్టి, మంచం పట్టె మీద కూర్చుని, "మీ జబ్బు గురించి మీకేం తెలుసు పెద్దాయనా? ఎంతవరకు చెప్పమంటారు?" అని అడిగారు. అప్పటిదాకా గ్యాస్ నొప్పి అని నెట్టుకొచ్చిన మేము గుమ్మం దగ్గరే బిగుసుకుపోయాము. నాయన మా వైపు చూడకుండా, "అంతా చెప్పండి. సంక్రాంతి చూస్తానా?" అన్నారు. "కష్టమే. నొప్పి లేకుండా చూసే పూచీ మాది" అన్నారు డాక్టరు గారు. ఆ సాయంత్రమే నాయన కోవూరు పొలం కౌలు లెక్కల పుస్తకం తెప్పించుకుని, ఎవరి దగ్గర ఎంత రావాలో అమ్మకు చదివి వినిపించారు. బోడిగాడితోట శ్మశానానికి తీసుకుపోయేటప్పుడు మేళం పెట్టొద్దని కూడా చెప్పారు. అమ్మ కాసేపు ఏడ్చి, కళ్లు తుడుచుకుని, మేళం ఉండాల్సిందేనని ఆయనతో వాదనకు దిగింది. ఈ సేవకు నేను ఎక్కువ మార్కులు వేసేది ఆ ఒక్క సాయంత్రానికే.

తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ పేరు వినగానే మత్తుకు అలవాటు పడతాడని మా బంధువులు బెదరగొట్టారు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా గడియారం చూసి నాలుగు గంటలకొకసారి మాత్ర వేయాలని, దానితోపాటు మలబద్ధకానికి మందు తప్పనిసరి అని నర్సమ్మ కాగితం మీద గళ్లు గీసి వంటింటి తలుపుకు అంటించింది. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి మార్ఫిన్‌ను కొంత సులువు చేశారు గానీ, నేను తిరిగిన మందుల షాపుల్లో లేదనే అన్నారు. బృందమే తెచ్చి ఇచ్చింది. చివరి రోజుల్లో నాయన తిండి మానేస్తే, "ఒళ్లే అడగడం లేదమ్మా, బలవంతం చేయొద్దు" అని నర్సమ్మ, మొలగొలుకుల గంజి గ్లాసుతో నిలబడ్డ అమ్మ చేతికి తడి దూది ఇచ్చి పెదవులు తడపడం చూపింది.

లోపాలూ ఉన్నాయి. రాత్రీ పగలూ ఫోను ఎత్తుతామన్నారు. ఒక అర్ధరాత్రి నాయన గొంతులో గురగుర మొదలైతే ఐదుసార్లు చేసినా పలకలేదు. అది గొంతులో చేరే తేమ చప్పుడని, పక్కకు తిప్పి పడుకోబెడితే తగ్గవచ్చని తెల్లారాక చెప్పారు. ముందే చెప్పి ఉంటే 108ని పిలిచి, వచ్చాక వెనక్కి పంపే అవస్థ తప్పేది. కోలుకోలేని స్థితిలో ప్రాణం నిలిపే చికిత్స వద్దని ముందుగానే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించిందని, 2023 నుంచి ఇద్దరు సాక్షులతో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఎదుట సంతకం చేస్తే చాలని కూడా వారు మాతో అనలేదు. సంతకం పెట్టే ఓపిక నాయనకు ఉన్న రోజుల్లోనే చెప్పవలసిన మాట అది.

పదకొండో రోజు అయ్యాక నర్సమ్మ మళ్లీ వచ్చింది. మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్కబెట్టి, రసీదు రాసి, అమ్మ చేత సంతకం పెట్టించుకుని తీసుకెళ్లింది.