మ్యాక్ మినీకి బయటి ఎస్‌ఎస్‌డీ: 14 నెలలు వాడాక

నేను తెనాలిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. 2025 సంక్రాంతి వెళ్లగానే పాత విండోస్ పీసీ పక్కన పెట్టి యాపిల్ వాళ్ల చిన్న డెస్క్‌టాప్ మ్యాక్ మినీ ఎం4 కొన్నాను. 16 జీబీ మెమరీ, 256 జీబీ స్టోరేజ్ ఉన్న మొదటి మోడల్, 59,900 రూపాయలు. 512 జీబీది కావాలంటే అప్పట్లో 79,900. మూడు కెమెరాలతో తీసిన పెళ్లి ఒక్కటే నా దగ్గరకు వచ్చేసరికి 400 జీబీ ఉంటుంది. కాబట్టి ఆ 20 వేలు ఎక్కువ పెట్టినా నాకు చోటు సరిపోదు. ఎలాగూ బయట డ్రైవ్ తగిలించాల్సిందే కదా అని చిన్న మోడలే తీసుకున్నాను. ఆ నిర్ణయం మంచిదేనని ఇప్పటికీ అంటాను. కానీ బయట ఏది తగిలించాలో తెలుసుకునేసరికి మూడు నెలలు పట్టింది, డబ్బు కూడా కొంత వృథా అయింది. ఇంకొకరికి అలా కాకూడదనే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మొదట కొన్నది జేబులో పట్టే 1 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేకుండా ఫ్లాష్ చిప్‌ల్లో డేటా దాచే డ్రైవ్. అట్టపెట్టె మీద సెకనుకు 2,000 ఎంబీ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఇంటికి తెచ్చి కొలిస్తే ఎన్నిసార్లు చూసినా 1,000 దాటలేదు. కేబుల్ మార్చాను, పోర్ట్ మార్చాను, అంతే. తర్వాత తెలిసింది, డ్రైవ్‌లో లోపమేమీ లేదు. ఆ 2,000 రావాలంటే కంప్యూటర్ పోర్ట్‌కు యూఎస్‌బీ 3.2 జెన్ 2x2 అనే పద్ధతి తెలిసుండాలి. మ్యాక్ మినీ పోర్టుల్లో అది లేదు. అందుకని ఆ డ్రైవ్ దీనికి తగిలిస్తే సెకనుకు 20 గిగాబిట్ల బదులు 10 గిగాబిట్లకు దిగిపోతుంది. అదే డ్రైవ్‌ను ఆ పద్ధతి ఉన్న విండోస్ డెస్క్‌టాప్‌కు పెడితే చెప్పిన వేగం వస్తుంది.

మా డెల్టాలో కాలువ ఎంత వెడల్పుగా పారినా పొలంలోకి తూము ఇచ్చినన్ని నీళ్లే వస్తాయి. ఇక్కడా అంతే. కంప్యూటర్ పోర్ట్, కేబుల్, ఎన్‌క్లోజర్ (ఎస్‌ఎస్‌డీని బిగించే బయటి పెట్టె) లోని చిప్, లోపలి ఎస్‌ఎస్‌డీ, ఈ నాలుగింట్లో ఏది ఇరుకుగా ఉంటే దాని వేగమే మనకు దక్కుతుంది. కొనేముందు ఈ నాలుగూ చూసుకోవాలి. పేర్లు మాత్రం అయోమయంగా ఉంటాయి. యూఎస్‌బీ 3.0, 3.1 జెన్ 1, 3.2 జెన్ 1 అన్నీ ఒకటే, 5 గిగాబిట్లు. 3.1 జెన్ 2, 3.2 జెన్ 2 కూడా ఒకటే, 10 గిగాబిట్లు. పేరు వదిలేసి గిగాబిట్ల అంకె ఒక్కటే చూడండి. 10 గిగాబిట్లంటే చేతికి వచ్చేది సెకనుకు సుమారు 1,000 ఎంబీ. థండర్‌బోల్ట్ 4 పోర్టులు, చాలావరకు యూఎస్‌బీ4 పోర్టులు 40 గిగాబిట్లవి. మంచి ఎన్‌క్లోజర్ పెడితే వాటిలో 3,000 ఎంబీ దాకా వస్తుంది.

మ్యాక్ మినీ ఎం4లో వెనక మూడు పోర్టులు థండర్‌బోల్ట్ 4. ముందున్న రెండూ 10 గిగాబిట్లవి. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. నాతో పనిచేసే కుర్రాడు చేతికి అందుతోందని ఒకరోజు డ్రైవ్‌ను ముందు పోర్ట్‌కు పెట్టాడు. వేగం మూడో వంతుకు పడిపోయింది, కారణం తెలియక సగం పూట పోయింది. ఇంకోసారి అసలు కేబుల్ కనిపించక ఫోన్ ఛార్జర్ కేబుల్ తగిలించాం. ఫోన్ ఛార్జింగ్ కోసం ఇచ్చే టైప్ సీ కేబుళ్లు చాలావరకు లోపల యూఎస్‌బీ 2.0వే, అంటే 480 మెగాబిట్లు. వేలకు వేలు పోసి కొన్న ఎస్‌ఎస్‌డీ దాంతో సెకనుకు 40 ఎంబీ దగ్గర నడుస్తుంది. అప్పటి నుంచి డ్రైవ్ కేబుల్‌కు ఎర్ర టేపు చుట్టి ఉంచాం.

రెండోసారి విడిగా యూఎస్‌బీ4 ఎన్‌క్లోజర్ తీసుకున్నాను. ఏఎస్‌ఎం2464పీడీ చిప్ ఉన్నది, అల్యూమినియం ఒంటికి చిన్న ఫ్యాన్ ఉన్నది. ఎన్‌క్లోజర్ మీద ఖర్చు పెట్టాం కదా అని లోపలికి మాత్రం దొరికినవాటిలో చవకైన 2 టీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ వేశాను. మొదటి రోజు వేగం కొలిస్తే రాతలో 2,800 వచ్చింది. ఎంత సంతోషపడ్డానో. రెండు నెలలు గడిచాయి, పెళ్లిళ్ల సీజన్ వచ్చింది, డ్రైవ్ సగానికి పైగా నిండింది. ఒక రాత్రి పోర్టబుల్ డ్రైవ్‌లో ఉన్న 400 జీబీ ఫుటేజ్‌ను దీనిలోకి కాపీ పెట్టి భోజనానికి లేచాను. కుర్రాడు లోపలికి వచ్చి, "అన్నా, కాపీ ఆగిపోయినట్టుందే. ఇందాక ఐదు నిమిషాలని చూపించింది, ఇప్పుడు గంట అంటోంది" అన్నాడు.

ఆగిపోలేదు. మొదటి 120 జీబీ పరుగెత్తి, ఆ తర్వాత సెకనుకు 90 ఎంబీకి పడిపోయింది. పాత హార్డ్ డిస్క్ కంటే తక్కువ. ఎందుకిలా అని ఆ వారమంతా చదివాను. చవక ఎస్‌ఎస్‌డీల్లో చాలావాటిలో క్యూఎల్‌సీ ఫ్లాష్ ఉంటుంది. ఒక్కో కణంలో నాలుగు బిట్లు కుదించి రాయాలి, అది నెమ్మదైన పని. అందుకని ఖాళీగా ఉన్న కణాల్లో ఒక్కో బిట్టే వేగంగా రాసేసి, తీరిక దొరికినప్పుడు నాలుగేసి బిట్లుగా సర్దుకుంటుంది. ధాన్యాన్ని ముందు కల్లంలో కుప్ప పోసి తర్వాత గాదెకెత్తినట్టన్న మాట. కల్లం నిండిపోతే వచ్చే బండ్లన్నీ ఆగాల్సిందే. పైగా ఈ కల్లం డ్రైవ్‌లోని ఖాళీ చోటులోంచే వస్తుంది కాబట్టి, డ్రైవ్ నిండే కొద్దీ అది చిన్నదవుతుంది. కొత్తగా ఖాళీగా ఉన్నప్పుడు చేసే పరీక్షలో ఈ గుట్టు బయటపడదు. నాకు పట్టుబడనిది అందుకే.

టీఎల్‌సీ ఫ్లాష్‌లో కణానికి మూడు బిట్లు. దానిలోనూ ఈ కల్లం ఏర్పాటు ఉంటుంది గానీ, అది నిండాక కూడా వేగం మరీ అంత అడుగుకు పడదు. పోర్టబుల్ డ్రైవ్‌ల పెట్టెల మీద టీఎల్‌సీనో క్యూఎల్‌సీనో తరచూ రాయరు. దాదాపు ఒకే పేరుతో ఉన్న రెండు మోడళ్లలోనూ తేడా ఉండొచ్చు. ఉదాహరణకు క్రూషల్ ఎక్స్9లో క్యూఎల్‌సీ, ఎక్స్9 ప్రోలో టీఎల్‌సీ. దుకాణంలో నిలబడి పేరు మాత్రమే చూస్తే తేడా తెలియదు. నేను ఆ చవక ఎస్‌ఎస్‌డీ తీసేసి, అదే ఎన్‌క్లోజర్‌లో శాంసంగ్ 990 ప్రో 2 టీబీ వేశాను. అది టీఎల్‌సీ, దానికి సొంత డీరామ్ (ఏ డేటా ఎక్కడుందో గుర్తుంచుకునే చిన్న మెమరీ) కూడా ఉంది. ఎన్‌క్లోజర్, ఇది కలిపి దాదాపు 26 వేలయింది. ఇప్పటిదాకా పనిచేస్తున్నది అదే. చదవడం, రాయడం రెండూ 3,000కు అటూ ఇటూ. మినీ లోపలి 256 జీబీ రాత వేగం నా కొలతలో 2,000 దగ్గరే వచ్చింది, అంటే రాతలో బయటి డ్రైవే ముందుంది.

ఇంత వేగం ఎడిటింగ్‌కు కావాలా? ఈ లెక్క కొనకముందే వేసుకుని ఉండాల్సింది. మా కెమెరాలు 4కే 10 బిట్ వీడియోను సెకనుకు 140 మెగాబిట్లతో రాస్తాయి. బైట్లలో 17.5 ఎంబీ, గంటకు 63 జీబీ. మూడు కెమెరాలను టైమ్‌లైన్ మీద ఒకేసారి నడిపినా కావాల్సింది సెకనుకు 53 ఎంబీ. ఎడిటింగ్‌కు తేలికైన ప్రోరెస్ 422 అనే ఫార్మాట్‌లోకి మార్చి 4కే 25 ఫ్రేములతో చేస్తే ఒక్కో వీడియోకు 492 మెగాబిట్లు, అంటే 61 ఎంబీ. మూడు వేసినా 200 దాటదు. మొదట కొన్న 1,000 ఎంబీ డ్రైవ్ దీనికి చాలినంత. టైమ్‌లైన్ తడబడుతోందంటే చాలాసార్లు కారణం ప్రాసెసర్, మెమరీ, లేదా ఫైల్ ఫార్మాట్. ఎస్‌ఎస్‌డీ మార్చితే అది పోదు.

కార్డుల నుంచి దించుకునేటప్పుడూ పెద్ద ఉపయోగం లేదు. మేం వాడే మామూలు ఎస్‌డీ కార్డులు సెకనుకు 90 ఎంబీ మించి ఇవ్వవు. తూము అక్కడే ఉంది. ఇటు 3,000 ఎంబీ డ్రైవ్ పెట్టినా ముహూర్తం కార్డు దిగేటంత సేపూ కూర్చోవాల్సిందే.

మరి 3,000 ఎక్కడ తెలిసింది అంటే, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్ కాష్ ఫైళ్లు (ముందే సిద్ధం చేసి దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) రాసేటప్పుడు, 200 జీబీ ప్రాజెక్టును ఒక ఫోల్డర్ నుంచి ఇంకో డ్రైవ్‌లోకి మార్చేటప్పుడు, ఆల్బమ్ కోసం వేల ఫొటోల థంబ్‌నెయిల్స్ తెరిచేటప్పుడు. మూడోదానిలో తేడా నా అంచనా కంటే తక్కువే. కాష్ విషయంలో మాత్రం పని సాఫీగా సాగడం రోజూ తెలుస్తుంది. లోపలి 256 జీబీలో సిస్టమ్, అప్లికేషన్లు తప్ప ఏమీ పెట్టకుండా 14 నెలలు నెట్టుకొచ్చానంటే కాష్ మొత్తం బయట ఉండబట్టే.

వేడి గురించి తప్పక చెప్పాలి. యూఎస్‌బీ4 ఎన్‌క్లోజర్ పని లేనప్పుడు కూడా వేడిగానే ఉంటుంది. మే నెలలో మా గది ఏసీ లేకపోతే 37 డిగ్రీలు. అప్పుడు పెద్ద కాపీ పెడితే డ్రైవ్ 70 డిగ్రీలకు దగ్గరైంది, పెట్టె మీద వేలు పెట్టలేకపోయాం. మొదట దాన్ని మినీ మీదే పెట్టాను, అది తప్పు. ఇప్పుడు పక్కన, నాలుగు వైపులా గాలి ఆడేలా నిలబెట్టాను. వేసవి కాపీలన్నీ పొద్దున ఆరింటికే కానిచ్చేస్తాం. ఎన్‌క్లోజర్ ఫ్యాన్ సన్నగా మోగుతుంది. ఆడియో సరిచేసే పనుంటే చికాకుగా ఉంటుంది, అప్పుడు హెడ్‌ఫోన్లు తప్పవు. మా ప్రాంతంలో ఫ్యాన్ లేనిది కొనమని మాత్రం నేను చెప్పను.

అన్నిటికంటే పెద్ద దెబ్బ కరెంటు వల్ల తగిలింది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, డెస్క్‌టాప్‌కు ఉండదు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు ఆ కనురెప్పపాటు చాలు, మినీ ఆరిపోతుంది, దానితోపాటు డ్రైవ్ కూడా. పోర్టబుల్ డ్రైవ్‌ను విండోస్ వాళ్లకూ పనికొస్తుందని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి ఉంచాను. ఒక సాయంత్రం గాలివానకు కరెంటు పోయినప్పుడు దానిలోకి ఫైళ్లు కాపీ అవుతున్నాయి. తిరిగి వచ్చాక ఒక ఫోల్డర్ తెరుచుకోలేదు. అందులో జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా ఉంది. కార్డులు ఇంకా చెరపలేదు కాబట్టి బతికిపోయాం. ఆ రెండు గంటల టెన్షన్ మాటల్లో చెప్పలేను, ఒక ఇంట్లో మళ్లీ జరగని రోజు అది. ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నలింగ్, అంటే చేయబోయే మార్పును ముందే రాసిపెట్టుకునే ఏర్పాటు, ఉండదు, రాత మధ్యలో తెగితే దారి తప్పుతుంది. మ్యాక్‌కే వాడే డ్రైవ్‌ను యాపిల్ సొంత పద్ధతి ఏపీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేయండి. ఎక్స్‌ఫ్యాట్‌ను ఇచ్చిపుచ్చుకునే డ్రైవ్‌కే ఉంచుకోండి. చిన్న యూపీఎస్ ఒకటి తప్పక పెట్టుకోండి. నేను మరుసటి రోజే కొన్నాను, ఆ తర్వాత ఒక్క ఫైలూ పోలేదు.

కొన్నాళ్లు డ్రైవ్‌ను పోర్టులు పెంచే చవక హబ్‌కు పెట్టి వాడాను. మినీ స్లీప్‌లోకి వెళ్లి లేచినప్పుడల్లా డ్రైవ్‌ను సరిగా ఎజెక్ట్ చేయలేదనే హెచ్చరిక వచ్చేది. నేరుగా వెనక పోర్ట్‌కు పెట్టాక మళ్లీ రాలేదు.

ఇప్పటిదాకా ఈ డ్రైవ్ మీద 31 టీబీ రాశాం. 2 టీబీ 990 ప్రోకు వారంటీ ఐదేళ్లు, లేదా 1,200 టీబీ రాత, ఏది ముందైతే అది. ఈ లెక్కన అరుగుదల గురించి దిగులు అక్కర్లేదు. ఎంత రాశామనే ఈ వివరాలు థండర్‌బోల్ట్, యూఎస్‌బీ4 ద్వారా పెట్టిన ఎన్‌వీఎంఈలకు మ్యాక్‌లో సులువుగా కనిపిస్తాయి, మామూలు యూఎస్‌బీ డ్రైవ్‌లకు కనిపించవు. ఖాళీ అయిన చోటును శుభ్రం చేసే ట్రిమ్ కూడా అంతే. రోజూ రాసి చెరిపే పనికి ఇది వేగం కంటే మంచి కారణమని నా అభిప్రాయం.

అయితే పూర్తయిన పెళ్లిళ్లను ఎస్‌ఎస్‌డీలో దాచను. రెండేళ్ల తర్వాత ఫోన్ చేసి ఫుటేజ్ ఉందా అని అడిగేవాళ్లు ఉన్నారు. కరెంటు తగలకుండా బీరువాలో ఏళ్ల తరబడి పెట్టడానికి ఫ్లాష్ తగినది కాదు. రెండు 4 టీబీ హార్డ్ డిస్కుల్లో రెండు కాపీలు వేసి, ఒకటి వేరే ఇంట్లో పెడతాను.

విండోస్ టవర్ ఉన్నవాళ్లకు ఒక మాట. మదర్‌బోర్డ్ మీద ఎం.2 స్లాట్ (ఎస్‌ఎస్‌డీ బిగించే చోటు) ఖాళీగా ఉంటే బయటి డ్రైవ్ మాటే వద్దు, ఎస్‌ఎస్‌డీని లోపలే బిగించుకోండి. వేగం ఎక్కువ, ఖర్చు తక్కువ, ఊడొచ్చే కేబుల్ లేదు. బయటిదే పెట్టాల్సి వస్తే డ్రైవ్ పాలసీలో బెటర్ పెర్ఫార్మెన్స్ ఎంచుకుంటే రాత వేగం పెరుగుతుంది. అలా చేశాక ఎజెక్ట్ చేయకుండా మాత్రం లాగకూడదు.

మా కుర్రాడు పోయిన నెల సొంతంగా మినీ కొనుక్కున్నాడు. "అన్నా, నాకూ నీలాంటి ఎన్‌క్లోజరే చెప్పవా" అని అడిగాడు. అతను చేసేది రీల్స్, చిన్న ఫంక్షన్లు. 10 గిగాబిట్ల ఎన్‌క్లోజర్, 1 టీబీ టీఎల్‌సీ ఎస్‌ఎస్‌డీ తీసుకోమన్నాను. మిగిలిన డబ్బుతో యూపీఎస్, ఒక హార్డ్ డిస్క్ కొనిపించాను. నిన్న వాళ్లింటికి వెళ్తే డ్రైవ్ కేబుల్‌కు ఎర్ర టేపు చుట్టి ఉంది.