పాట కట్టడానికి ఏది మేలు: గొంతూ ఫోనా, స్వరాల పుస్తకమా, కంప్యూటరా?

ఇంట్లో కూర్చుని లలిత గీతాలకు బాణీలు కట్టుకునే వారికి ఇవాళ మూడు దారులున్నాయి. శ్రుతి పెట్టె పెట్టుకుని పాడుతూ ఫోనులో రికార్డు చేసుకోవచ్చు, స్వరాలను పుస్తకంలో రాసుకోవచ్చు, లేదా నేరుగా కంప్యూటరులో సంగీతపు సాఫ్ట్‌వేరు తెరిచి కీబోర్డు మీద మొదలుపెట్టవచ్చు. మూడింటితోనూ చాలాకాలం కుస్తీ పట్టిన మీదట నాకు కుదిరిన అభిప్రాయం ఒకటే: పల్లవి, కనీసం ఒక చరణం గొంతులో స్థిరపడేదాకా కంప్యూటరు జోలికి పోకపోవడం మేలు.

దీనికి మొదటి కారణం తాళం. చాలా సాఫ్ట్‌వేర్లలో కొత్త ప్రాజెక్టు తెరవగానే నిమిషానికి 120 దెబ్బల వేగమూ, నాలుగు దెబ్బల బారూ (తాళపు ఒక చుట్టు) సిద్ధంగా ఉంటాయి. వాటిని మార్చుకోవడం క్షణంలో పని, కానీ మనసులో ఖండగతిలో, అంటే అయిదేసి మాత్రల నడకలో, సాగుతున్న ఊహ దెబ్బలు లెక్కపెట్టే ఆ మెట్రోనోము టిక్కుటిక్కు వినగానే తెలియకుండానే నాలుగేసి మాత్రల చతురశ్రంలోకి జారిపోతుంది. పైగా ఎనిమిది బార్ల ముక్కను లూపులో పెట్టి, దానికి తబలా చేర్చి, వేణువు చేర్చి, ప్రతిధ్వని సర్దుతూ గంటలు గడిపేస్తాము. పల్లవి అలంకారం పూర్తవుతుంది, చరణం మాత్రం పుట్టదు. నా హార్డ్ డిస్కులో ఇలా తల ఉండి మొండెం లేని పాటలు ఎన్నో ఉన్నాయి.

రెండో కారణం గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం. తోడి రాగంలో గాంధారాన్ని కీబోర్డు మెట్టు మీద నొక్కి నిలిపితే స్వరస్థానం పలుకుతుంది గాని తోడి పలకదు, ఎందుకంటే ఆ రాగపు రూపమంతా ఆ స్వరం ఊగడంలోనే ఉంది. కీబోర్డు అంచున స్వరాన్ని వంచడానికి ఉండే పిచ్ చక్రాన్ని తిప్పి ఆ ఊపు తెప్పించవచ్చు. సాధారణంగా అది అటు రెండు, ఇటు రెండు అరస్వరాల (పక్కపక్క మెట్ల మధ్య దూరాల) మేర వంగేలా అమర్చి ఉంటుంది. కానీ గొంతు ఒక్క ఊపిరిలో తేల్చే పనికి చేతితో పది నిమిషాలు పట్టినప్పుడు, రచయిత క్రమంగా గమకం అడగని స్వరాల మలుపులనే ఎంచుకోవడం మొదలుపెడతాడు. మోహన, హంసధ్వని వంటి రాగాలు మెట్ల మీద కొంతవరకు నప్పుతాయి కనుక ఎప్పుడూ వాటి చుట్టూనే తిరుగుతాడు. ఈ ఫిర్యాదు కొత్తదేమీ కాదు: స్థిరస్వరాల వాద్యమన్న అభ్యంతరంతోనే హార్మోనియాన్ని ఆల్ ఇండియా రేడియో 1940 నుంచి 1971 దాకా దూరం పెట్టింది.

మాట ముందే చేతిలో ఉంటే గొంతుతో మొదలుపెట్టడం మరింత అవసరం. తెలుగులో హ్రస్వాన్ని సాగదీస్తే అర్థమే మారుతుంది. ‘పడి’ కాస్తా ‘పాడి’ అవుతుంది. కీబోర్డు మీద అందంగా పలికిన దీర్ఘస్వరం కింద హ్రస్వాక్షరం పడిందన్న సంగతి పాడితే తప్ప తెలియదు.

ఇంతా చెప్పి ఫోను లోపాన్ని దాచడం న్యాయం కాదు. తారీఖులే పేర్లుగా వందల రికార్డింగులు పేరుకుపోతాయి, కావలసినది దొరకదు. ఒక మంచి చరణాన్ని నేను ఇలాగే పోగొట్టుకున్నాను. అప్పటినుంచి పాడే ముందు ‘హిందోళం, ఒకటిన్నర శ్రుతి, మిశ్రచాపు, చరణం’ అని రాగం, శ్రుతి, తాళం, పాటలో భాగం నోటితో చెప్పి, అదే మాటను ఫైలుకు పేరుగా పెట్టి, వారానికొకసారి పనికిరానివి చెరిపేస్తున్నాను. రికార్డింగు ఒక నిమిషం దాటకుండా చూసుకుంటే మళ్లీ వినే ఓపిక కూడా మిగులుతుంది.

స్వరాల పుస్తకం సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. గమకాలను కూడా గుర్తులతో రాయగలమని సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురంలో తెలుగు లిపిలో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో చూపించారు. అంత శ్రద్ధ మనబోటివారికి సాధ్యం కాదు. అయినా రెండో చరణానికి మాటలు రాసేవారికి ఏ దెబ్బకు ఎన్ని అక్షరాలో చూపాలంటే పుస్తకాన్ని మించినది లేదు. పాట కుదిరాక అరపేజీ రాసుకుంటే చాలు, పాట పుట్టేటప్పుడు అది అడ్డమే.

కంప్యూటరే ముందుండవలసిన పనులూ ఉన్నాయి. లఘుచిత్రానికి నేపథ్య సంగీతం అందులో ఒకటి. పన్నెండు సెకన్ల దృశ్యానికి నిమిషానికి 100 దెబ్బల వేగంలో సరిగ్గా ఇరవై దెబ్బలు, అంటే నాలుగేసి దెబ్బల బార్లు అయిదు పడతాయి. తలుపు తెరుచుకునే క్షణం ఏ దెబ్బ మీద పడాలో బొమ్మను పక్కన పెట్టుకునే తేల్చుకోవాలి. లయే ప్రాణమైన నృత్యగీతాలకు కూడా దరువు ముందు, బాణీ తరువాత అన్నది సహజమైన వరుస. ఇక శ్రుతి మార్పు: నేను ఒకటి శ్రుతిలో కట్టిన పాటను పాడవలసిన అమ్మాయిది అంతకన్నా ఎత్తైన అయిదు శ్రుతి అయితే, కీబోర్డుతో నమోదు చేసిన వాద్యాలన్నిటినీ ఒక్క ఆదేశంతో ఏడు అరస్వరాలు పైకి జరపవచ్చు. గొంతుతో, వీణతో రికార్డు చేసిన వాటిని అంత దూరం జరిపితే నాదం చెడిపోతుంది, కనుక అవి ఎలాగూ చివరనే చేరాలి.

ఆ చివరి దశకు వచ్చినప్పుడు మాత్రం ఒక అమరిక మరువకూడదు. పాడేవారికి తమ గొంతు ఆలస్యంగా వినపడితే తాళం తప్పుతుంది. కంప్యూటరు శబ్దాన్ని సెకనుకు 48,000 నమూనాల లెక్కన తీసుకుంటున్నప్పుడు బఫరు (ఒక్కసారికి పోగుచేసే నమూనాల సంఖ్య) 1024 ఉంటే ఆ ఒక్కచోటే సుమారు 21 మిల్లీసెకన్ల జాగు వస్తుంది, 128కి తగ్గిస్తే మూడు మిల్లీసెకన్ల లోపు. రికార్డింగప్పుడు తగ్గించుకుని, మిక్సింగుకు కూర్చున్నప్పుడు తిరిగి పెంచుకుంటే పాత కంప్యూటరు కూడా మొరాయించదు.