ఫొటోల వరుసను వీడియోగా మలచడంలో డావిన్చి రిజాల్వ్: చాలాకాలం వాడాక నా సమీక్ష

కర్నూలులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే నాకు ఫొటోల వరుసలతో తరచూ పని పడుతుంది. ఖాళీ కల్యాణ మండపం పూలతో, లైట్లతో నిండేదాకా స్టాండు మీద కెమెరా ఉంచి తీసిన దృశ్యం, ఓర్వకల్లు రాళ్ల మీదుగా సాగే మబ్బులు, గండికోట లోయలో పొద్దుగూకడం, ఇవన్నీ వందల ఫొటోలుగానే నా దగ్గరికి వస్తాయి. వాటిని ఒకే క్లిప్పుగా తెచ్చుకోవడానికి కొన్నేళ్లుగా డావిన్చి రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు ఉచిత వెర్షన్‌ను వాడుతున్నాను. ఈ పనికి ఇది చాలా మంచి సాఫ్ట్‌వేరు; అయితే ఫొటోలను ముందే సిద్ధం చేసుకున్నవారికే దాని అసలు సౌకర్యం దక్కుతుంది.

మీడియా పేజీలోని మీడియా స్టోరేజ్‌లో ఫోల్డరు తెరిస్తే, వరుస నంబర్లున్న ఫొటోలన్నీ ఒకే క్లిప్పుగా కనిపిస్తాయి. పేరు పక్కన [0412-1187] అని మొదటి, చివరి నంబర్లు ఉంటాయి. అంటే 776 ఫొటోలు, సెకనుకు 25 చొప్పున 31 సెకన్లు. దాన్ని మీడియా పూల్‌లోకి, అంటే ప్రాజెక్టులో వాడే క్లిప్పులుండే చోటికి లాగితే చాలు. ఫొటోలు విడివిడిగా కావాలంటే మూడు చుక్కల మెనూలో ఫ్రేమ్ డిస్‌ప్లే మోడ్‌ను ఇండివిడ్యువల్‌కు మార్చుకోవచ్చు. అడోబీ వారి ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు ప్రీమియర్‌లో అయితే మొదటి ఫొటోను ఎంచుకుని, ఇమేజ్ సీక్వెన్స్ అన్న గడిలో టిక్కు పెట్టాలి.

అసలు జాగ్రత్తంతా నంబర్ల దగ్గరే ఉంది. డెకరేషన్ కుర్రాడు లెన్సుకు అడ్డంగా నిలబడ్డ ఒక్క ఫొటోను తీసేసినా అక్కడ వరుస తెగి, ఒక క్లిప్పు రెండవుతుంది. పైగా చాలా కెమెరాల్లో 9999 తర్వాత మళ్లీ 0001 నుంచి లెక్క మొదలై, ఫొటోలు కొత్త ఫోల్డరులో పడతాయి కాబట్టి, పెళ్లిళ్ల సీజనులో తెరిపి లేకుండా తిరిగే కెమెరాకు ఆ మలుపు సరిగ్గా షాట్ మధ్యలోనే రావచ్చు. అందుకే పనికిరానివి ఏరేశాక, మిగిలినవన్నీ ఒకే ఫోల్డరులో చేర్చి, తీసిన సమయం ప్రకారం పేర్చి, నాలుగంకెల నంబర్లతో పేర్లు మార్చిన తర్వాతే రిజాల్వ్ తెరుస్తాను.

ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది కూడా ముందే తేల్చుకోవాలి. కొత్త ప్రాజెక్టు 24తో మొదలవుతుంది. మన పెళ్లి వీడియోలు ఎక్కువగా 25లో ఉంటాయి. ప్రాజెక్టు సెట్టింగ్స్‌లో దాన్ని మార్చాకే ఫొటోలు తీసుకోవాలి. క్లిప్పు వేగం ఒక్కటే మార్చాలంటే, క్లిప్పులు పేర్చే టైమ్‌లైన్‌లో పెట్టకముందే క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లో మార్చడం మేలు.

ఇక బరువు సంగతి. 24 మెగాపిక్సెల్ జెపెగ్ ఒక్కొక్కటి సుమారు 10 ఎంబీ అనుకుంటే, సెకనుకు 25 ఫొటోలు చదవడానికి 250 ఎంబీ వేగం కావాలి. మామూలు హార్డ్ డిస్కు అంత ఇవ్వలేదు. ఎస్‌ఎస్‌డీ ఉన్నా 6000 బై 4000 చిత్రాలను విప్పే భారం ప్రాసెసర్ మీద పడుతుంది. ప్లే చేస్తే ఆగి ఆగి నడుస్తున్నదని సాఫ్ట్‌వేరును నిందించేవారు ముందు ఈ లెక్క చూసుకోవాలి. నేను ఫొటోలను 3840 వెడల్పుకు తగ్గించి, వరుసను ఎడిటింగ్‌లో తేలిగ్గా నడిచే డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ అనే రకం వీడియో ఫైలుగా రెండర్ చేసి, పెళ్లి టైమ్‌లైన్‌లో ఆ ఫైలునే వాడతాను. తగ్గించాక ఫొటో ఎత్తు 2560 పిక్సెల్‌లు ఉంటుంది, 4కే వీడియోకు 2160 చాలు. మిగిలిన 400 పిక్సెల్ గీతల వల్ల, రెండర్ చేసే ముందే ఫ్రేమును మండపం మెట్ల నుంచి పైనున్న పూల తోరణం దాకా మెల్లగా జరపవచ్చు, స్పష్టత ఏమాత్రం తగ్గదు. ఈ ఒక్క కదలికతోనే షాటుకు ప్రాణం వస్తుంది.

ఉచిత వెర్షన్‌లో నాకు నిజంగా లోటనిపించేది డీఫ్లికర్. టైమ్‌ల్యాప్స్‌లో, అంటే ఇలా ఫొటోల వరుసతో చేసిన వీడియోలో వెలుతురు మిణుకుమిణుకుమనడాన్ని సరిచేసే ఆ ఎఫెక్టు డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. మండపం లోపల తీసే షాట్లకు ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ) రెండూ మాన్యువల్‌లో పెడితే దాని అవసరం పెద్దగా రాదు. తెల్లవారుజామునో సాయంత్రమో ఆరుబయట తీసేవారికి మాత్రం వెలుగు మారుతూనే ఉంటుంది కనుక, ఆ పనే ఎక్కువగా చేసేవారు స్టూడియో వెర్షన్ కొనడం సబబు.