ప్రహ్లాద నాటకం బృందం: ఐదుకు మూడున్నర, కోత పడింది హిరణ్యకశిపుడి దగ్గరే

బరంపురం చుట్టుపక్కల తెలుగు ఊళ్లలో ఒడియాలో సాగే ప్రహ్లాద నాటకం ఆడించే కమిటీవాళ్లు ముందుగా అడిగేది నరసింహుడి ముఖం (మాస్కు) గురించి. అడగాల్సింది హిరణ్యకశిపుడి గురించి. పేరు కొడుకుదైనా తెల్లవార్లూ ఆట మోసేది తండ్రే. నాటకం రాసింది ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోని జలంత్ర జమీందారు రామకృష్ణ ఛోటరాయుడని చెలామణి అవుతోంది కాబట్టి ఇందులో మనకూ వాటా ఉంది.

ఈసారి ఉత్సవంలో ఆడిన బృందంలో గాహకుడు (కథ పాడి నడిపే ప్రధాన గాయకుడు) గట్టివాడు, మృదంగం తాళం ఎక్కడా తప్పలేదు. సన్నాయిలా ఊదే ముఖవీణను మాత్రం గాహకుడి మైకు పక్కనే కూర్చోబెట్టారు. దాని కూతలో సాహిత్యం మునిగిపోయింది. నాలుగడుగులు పక్కకు జరిపితే చాలు. మెట్ల వేదిక ఇంకా ఘోరం: ఉత్త మేకులతో బిగించారు, అడుగు గట్టిగా పడితే ఊగింది. అందుకే రాజు, అంటే హిరణ్యకశిపుడి వేషధారి, పై మెట్టు నుంచి దూకాల్సిన చోట చూసుకుంటూ దిగాడు. బోల్టులు, కింద అడ్డకర్రలు ఉండాలి.

అసలు పేచీ పాత్ర మీద. హిరణ్యకశిపుణ్ణి మొదటి ప్రవేశం నుంచే కసాయిలా అరిపించారు. కథలో అతనిది వరాహం చేతిలో పోయిన తమ్ముడి పగ. పైగా విష్ణువు ద్వారపాలకులు జయవిజయులకు తగిలిన మూడు జన్మల శాపం, అందులో ఒకడే ఇతను. శిశుపాలుడుగా మూడో జన్మ ముగిసేసరికి ఆ తేజస్సు కృష్ణుడిలోనే కలిసింది. కంసుడికీ మోక్షమే, దుర్యోధనుడు స్వర్గంలో ధర్మరాజుకే ఎదురయ్యాడు. టీ బడ్డీ దగ్గర ‘ఎవడు పూర్తిగా చెడ్డవాడు’ అని వాదించుకునేవాళ్లు వీళ్లను వదిలేసి అశ్వత్థామను పట్టుకోవాలి. నిద్రలో ఉన్నవాళ్లను చంపి, ఆపైన ఉత్తర గర్భం మీద అస్త్రం వేసినవాడు. అతనికి చావు కూడా దక్కలేదు, మూడువేల ఏళ్లు తిరగమన్నారు.

కాబట్టి రాజు కొడుకును తొడ మీద కూర్చోబెట్టుకుని ‘ఏం చదివావు’ అని అడిగే రంగం నెమ్మదిగా నడవాలి. చివర అతను చచ్చేదీ తొడ మీదే మరి. ఈ బృందం దాన్ని హడావిడిగా ముగించి, చిత్రహింసల రంగాలను సాగదీసింది. కేకలు ఎక్కువైనకొద్దీ మూడో జాముకు గొంతు బొంగురుపోయి పాట దెబ్బతింది కూడా.

నరసింహుడి ప్రవేశం మాత్రం భేష్. ముఖం కట్టుకున్నవాడికి పూనకం వస్తే ఆపడానికి తాళ్లతో మనుషులు సిద్ధంగా ఉన్నారు. కానీ పిల్లల్ని వేదికకు ఆనుకునే కూర్చోనిచ్చారు. ముందు పది అడుగులు ఖాళీ ఉంచాల్సింది.

బయానా ఇచ్చే ముందు రాజు వేషధారి ఎవరో కనుక్కుని, తొడ మీది రంగం ఒకసారి పాడించుకోండి. ఒడియా రానివాళ్లు ఎక్కువగా ఉంటే రంగానికీ రంగానికీ మధ్య తెలుగులో రెండు మాటలు చెప్పేవాణ్ణి మీరే పెట్టుకోవాలి, వాళ్లు తీసుకురారు.