ఉప్పా, పంచదారా: నీళ్లను ఎక్కువగా మార్చేది ఏది?

లీటరు నీళ్లలో 100 గ్రాముల ఉప్పు కరిగించి ఫ్రీజర్‌లో పెడితే, సుమారు మైనస్ 6 డిగ్రీలకు గానీ గడ్డకట్టడం మొదలుకాదు. అంతే పంచదార వేస్తే తేడా అర డిగ్రీ! ఇక్కడ లెక్క బరువుది కాదు, కణాలది. పంచదార అణువు బరువైనది, కరిగినా ఒక్కటిగానే ఉంటుంది. ఉప్పు మాత్రం సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. అందుకే కుల్ఫీ కుండలో ఐసు ముక్కల మీద రాళ్ల ఉప్పు చల్లుతారు. ఐసు కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. పాళ్లు కుదిరితే మైనస్ 21 దాకా దిగుతుంది. చలి కావాలంటే నా ఓటు ఉప్పుకే.

మరిగించే దగ్గర కథ తిరగబడుతుంది. లీటరు నీళ్లలో ఉప్పు సుమారు 360 గ్రాములకు మించి కరగదు, ఆ నీళ్లు 109 డిగ్రీల లోపే మరుగుతాయి. పంచదార మామూలు నీళ్లలోనే రెండు కిలోల దాకా కరుగుతుంది. మరిగేకొద్దీ నీరు ఆవిరై, పాకం చిక్కబడి, మరిగే వేడి పెరుగుతూనే ఉంటుంది. అరిసెల బెల్లం పాకమూ అంతే: చుక్కను పళ్లెంలోని చన్నీళ్లలో వేసి వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తటి ఉండ కట్టాలి. అప్పటికి పాకం 115 డిగ్రీల దగ్గర ఉంటుంది. అమ్మమ్మ వేళ్లే అక్కడ థర్మామీటరు.

అన్నట్టు, పప్పు ఎసట్లో వేసే చెంచాడు ఉప్పుతో మరిగే వేడి పావు డిగ్రీ కూడా పెరగదు.